డోర్సెట్ తీరానికి కుటుంబంతో వెళ్లాలంటే: ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి

లండన్, రెడింగ్, సౌతాంప్టన్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవిలో, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలనూ పెద్దలనూ కలిపి సముద్రం దగ్గరికి తీసుకువెళ్లాలని అనుకుంటే తలపుకు వచ్చే చోట్లలో డోర్సెట్ ఒకటి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఈ కౌంటీ అంచు చాలావరకు జురాసిక్ కోస్ట్‌లో భాగం. పక్కనున్న డెవన్‌లోని ఎక్స్‌మత్ దగ్గర మొదలై డోర్సెట్‌లోని స్టడ్‌లాండ్ వరకు 95 మైళ్ల పొడవున సాగే ఈ తీరాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఇక్కడి కొండచరియల్లో దాదాపు 18.5 కోట్ల సంవత్సరాల భూమి చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. చూడవలసినవి ఎక్కువగా ఉండటం వల్లనే చాలామంది ఒక్క రోజులో అయిదారు చోట్లు పెట్టుకుని, సగం సమయం కారులోనూ మిగతా సగం పార్కింగ్ వెతకడంలోనూ గడుపుతారు. స్థలాల పేర్లు రాసుకోవడానికి ముందే సముద్రపు ఆటుపోట్ల వేళలను, ఇరుకు రోడ్ల తీరును తెలుసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే డోర్సెట్‌లో రోజును నడిపించేవి ఆ రెండే.

మొదటి పని: తీరాన్ని మూడు భాగాలుగా విడదీసుకోండి

మ్యాప్ తెరిచి తీరాన్ని తూర్పు, నడుమ, పడమర భాగాలుగా గుర్తు పెట్టుకోండి. తూర్పున బోర్న్‌మత్, పూల్, స్టడ్‌లాండ్, స్వానేజ్, కార్ఫ్ కాజిల్ ఉన్నాయి. నడుమ లల్‌వర్త్, వుల్, వేమత్, పోర్ట్‌లాండ్ వస్తాయి. పడమటి చివర చార్మత్, లైమ్ రీజిస్ ఉంటాయి. బోర్న్‌మత్ నుంచి లైమ్ రీజిస్‌కు రోడ్డు మీద 80 కిలోమీటర్లకు పైనే దూరం. డోర్సెట్ కౌంటీలో మోటర్‌వే ఒక్కటి కూడా లేదు కాబట్టి, ఆ దూరానికి వేసవిలో మీ ఫోను చూపించే సమయాన్ని నమ్మకండి.

ఒక రోజుకు ఒక భాగాన్నే తీసుకోండి, అందులోనూ ఒక పెద్ద స్థలం, ఒక చిన్న స్థలం చాలు. ఒక్క రోజే వెసులుబాటు ఉన్నవారు తూర్పు భాగంతో సరిపెట్టుకోవడం ఉత్తమం. లండన్ వాటర్లూ నుంచి బోర్న్‌మత్‌కు నేరుగా రైలు ఉంది, ప్రయాణం సుమారు రెండు గంటలు. రెండు మూడు రోజులు ఉండగలిగితే వేర్‌హమ్‌లో గాని వేమత్‌లో గాని బస చేయండి. ఈ రెండు ఊళ్లకూ వాటర్లూ నుంచి అదే లైనులో రైళ్లు వెళ్తాయి. పడమటి భాగానికి మాత్రం వేరే లైనులోని ఆక్స్‌మిన్‌స్టర్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో లైమ్ రీజిస్ చేరుకోవాలి. పిల్లలతో రైల్లో వెళ్లేవారు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తీసుకుంటే పెద్దల టికెట్ మీద మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లల టికెట్ మీద 60 శాతం తగ్గుతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అవసరం లేదు.

రెండో పని: ఆటుపోట్ల పట్టిక చూసి వేళలు నిర్ణయించుకోండి

విశాఖలోనో సూర్యలంకలోనో సముద్రానికి వెళ్లేటప్పుడు మనలో ఎవరూ ఆటుపోట్ల పట్టిక చూసుకోరు. డోర్సెట్ పడమటి భాగంలో అది చూడకుండా బయలుదేరడం ప్రమాదకరం. లైమ్ రీజిస్ దగ్గర పౌర్ణమి, అమావాస్యల సమీపంలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం దాదాపు నాలుగు మీటర్ల మేర మారుతుంది. ఉదయం మీరు నడిచి వెళ్లిన ఇసుకదారి మధ్యాహ్నానికి నీటి కిందికి పోవచ్చు, వెనుక నిలువెత్తు కొండచరియ తప్ప ఎక్కడానికి దారి ఉండదు. తూర్పున బోర్న్‌మత్ దగ్గర ఈ తేడా అందులో సగం కూడా ఉండదు కాబట్టి, అక్కడ ఇసుకలో ఆడుకునే పిల్లల విషయంలో పట్టికకు అంత ప్రాధాన్యం లేదు.

మీరు వెళ్లే చోటి పేరుతో, వెళ్లే తేదీకి ఆటుపోట్ల వేళలను ఇంటర్నెట్‌లో చూసి రాసుకోండి. పూర్తి పోటు నుంచి పూర్తి ఆటుకు సుమారు ఆరు గంటలు పడుతుంది, మరుసటి రోజు ఇవే వేళలు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. శిలాజాల కోసం తీరం వెంట నడవదలిస్తే, నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడు బయలుదేరి, పూర్తి ఆటు వేళకల్లా తిరుగుముఖం పట్టాలి. పట్టికలోని వేళ వేసవి గడియారం ప్రకారం ఉందో లేదో కూడా చూసుకోండి. కొన్ని పట్టికలు గ్రీనిచ్ కాలాన్నే ఇస్తాయి, అప్పుడు ఒక గంట కలుపుకోవాలి.

మూడో పని: శిలాజాల రోజును చార్మత్‌లో మొదలుపెట్టండి

పిల్లలకు ఆరేడేళ్లు దాటితే, డోర్సెట్‌లో వారు ఎక్కువ కాలం గుర్తుంచుకునేది ఈ రోజే అని నా అభిప్రాయం. లైమ్ రీజిస్ పేరే ఎక్కువ మందికి తెలిసినా, వెతకడం చార్మత్‌లో మొదలుపెట్టాలి. అక్కడ తీరం పక్కనే పార్కింగ్ ఉంది, ఆ ఒడ్డునే చార్మత్ హెరిటేజ్ కోస్ట్ సెంటర్ ఉంది. అందులో ప్రవేశం ఉచితం. తీరంలో దొరికే శిలాజాలు ఎలా ఉంటాయో అక్కడ ముందుగా చూసి తెలుసుకున్న పిల్లలు బయట వాటిని సులువుగా పోల్చుకుంటారు. ఆ కేంద్రం వారు నిపుణులతో శిలాజాల నడకలు నిర్వహిస్తారు. మొదటిసారి వెళ్లేవారు ముందుగా బుక్ చేసుకుని ఆ నడకలో చేరడం అన్ని విధాలా మంచిది, ఎందుకంటే నడక వేళను కూడా వారు ఆటుపోట్లను బట్టే పెడతారు.

వెతికే పద్ధతి చాలా సులభం. కొండచరియను తవ్వకండి, అసలు దాని దగ్గరికి వెళ్లకండి. అలలు కడిగిపోయిన గులకరాళ్ల మధ్య, నీటి అంచుకు దగ్గరగా, నెమ్మదిగా నేల చూస్తూ నడవండి. పెన్సిల్ ముక్కలా సన్నగా నున్నగా కనిపించేది బెలెమ్నైట్, అంటే స్క్విడ్‌కు దూరపు బంధువైన ఒక ప్రాణి శరీరం లోపలి గట్టి భాగం. చుట్టలు చుట్టుకుని ఇత్తడిలా మెరిసే చిన్న చక్రం కనిపిస్తే అది అమ్మొనైట్, అంటే అంతరించిపోయిన ఒక సముద్ర ప్రాణి గుల్ల. దాన్ని మెరిపించేది పైరైట్ అనే ఇనుప ఖనిజం. ఇవి సుమారు 19 కోట్ల ఏళ్ల నాటివి. మీతో అమ్మమ్మో నాన్నమ్మో ఉంటే ఆ చక్రాన్ని వారికి చూపించండి. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చాలావాటి లోపలి చక్రాలు కూడా అమ్మొనైట్ల ముద్రలే కాబట్టి, మనుమలకు చెప్పవలసిన పాఠం ఆ నిమిషం నుంచి వారి చేతికి వెళ్తుంది. తీరంలో విడిగా పడి ఉన్న చిన్న శిలాజాలను ఇంటికి తెచ్చుకోవచ్చు. అరుదైనది దొరికిందని అనిపిస్తే మాత్రం కేంద్రంలో చూపించి నమోదు చేయించాలి.

రెండు జాగ్రత్తలు గట్టిగా పాటించాలి. ఈ కొండచరియలు మెత్తని మట్టి, సున్నపురాతి పొరలతో ఏర్పడినవి, ఏ హెచ్చరికా లేకుండా విరిగిపడతాయి. 2012లో బర్టన్ బ్రాడ్‌స్టాక్ దగ్గర చరియ కూలి ఒక యువతి మరణించింది. వాన పడిన తరువాత కిందికి జారిన బురద మీద పిల్లలు కాలు పెడితే మోకాలి దాకా దిగబడతారు. చార్మత్ నుంచి లైమ్ రీజిస్‌కు తీరం వెంటే నడిచి వెళ్లవచ్చని కొందరు సలహా ఇస్తారు, కాని చిన్నపిల్లలతో ఆ సాహసం చేయకండి. కారులోనో బస్సులోనో వెళ్లండి.

మధ్యాహ్నం లైమ్ రీజిస్ చేరాక ముందు మ్యూజియం చూడండి. శిలాజాల వేటలో పేరుపొందిన మేరీ ఆనింగ్ 1799లో పుట్టిన ఇల్లు ఉన్న చోటే ఆ మ్యూజియం నిలిచింది. ఆమె అన్న జోసెఫ్ 1811లో ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం పుర్రెను కనుగొంటే, మిగిలిన అస్థిపంజరాన్ని బయటపెట్టింది పన్నెండేళ్ల మేరీ. 1823లో ఆమె ప్లీసియోసార్ అనే పొడవు మెడ సముద్ర సరీసృపపు పూర్తి అస్థిపంజరాన్ని కూడా కనుగొంది. బీద వడ్రంగి కూతురు కాబట్టి, అందులోనూ ఆడపిల్ల కాబట్టి, నాటి శాస్త్రజ్ఞుల సంఘాలు ఆమెను చేర్చుకోలేదు. ఆమె విగ్రహాన్ని ఊళ్లో 2022లో నెలకొల్పారు. మ్యూజియం తరువాత కాబ్ అని పిలిచే పాత రాతి రేవుగోడ మీద నడవాలని పిల్లలు పట్టుబడతారు. పై అంచుకు చేతికమ్మీ లేదు, గోడ సముద్రం వైపు వాలి ఉంటుంది, గాలి ఉన్న రోజు కింది దారిలోనే నడిపించండి. ఊరు నిటారు వాలు మీద ఉంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీరం దగ్గర దింపి ఆ తరువాతే కారు పార్కింగ్‌కు తీసుకువెళ్లండి.

నాలుగో పని: కార్ఫ్ కాజిల్, స్వానేజ్‌లను రైలుతో కలపండి

వేర్‌హమ్ నుంచి స్వానేజ్‌కు వెళ్లే ఏ351 రోడ్డు వేసవి శని, ఆదివారాల్లో నత్తనడక నడుస్తుంది. అందుకని కార్ఫ్ గ్రామం దాకా వెళ్లకుండా, దానికి ముందే వచ్చే నార్డన్ దగ్గర కారు నిలిపేయండి. అక్కడి నుంచి స్వానేజ్ రైల్వే వారి ఆవిరి రైలు కార్ఫ్ కాజిల్ మీదుగా స్వానేజ్ సముద్రతీరానికి వెళ్తుంది. 1972లో మూతపడిన ఈ లైనును స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ వేశారు. బొగ్గు ఇంజను చూసి మనుమలకంటే తాతయ్యలే ఎక్కువ సంబరపడతారు, వారికి కిటికీ పక్కన చోటు దొరికేలా ప్లాట్‌ఫాం మీదికి కొంచెం ముందుగా చేరుకోండి.

ముందు కార్ఫ్ దగ్గర దిగి కోట చూడండి. పదకొండో శతాబ్దంలో మొదలైన ఈ కోటను, 1640లలో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, కోట యజమాని భార్య లేడీ మేరీ బ్యాంక్స్ పార్లమెంటు సైన్యానికి ఎదురునిలిచి కాపాడింది. చివరకు లోపలివారిలో ఒకరి ద్రోహం వల్ల అది శత్రువుల చేతికి చిక్కింది, 1646లో వారు మందుగుండు పెట్టి కూల్చారు. ఒరిగిన బురుజులు, విరిగిన గోడలు నేటికీ అలాగే ఉన్నాయి. దారి గడ్డివాలు మీద, ఎగుడుదిగుడు రాళ్ల మీద సాగుతుంది కాబట్టి చంటిపిల్లల బండి పైకి వెళ్లడం కష్టం. బిడ్డను వీపుకు కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. ఎక్కలేని పెద్దలు కింద గ్రామంలో టీ దుకాణంలో కూర్చుని స్కోన్, క్లాటెడ్ క్రీమ్, జామ్ తింటూ ఆ కోటనే చూడవచ్చు. ఆ తరువాత రైల్లో స్వానేజ్ చేరితే, అక్కడి లోతు తక్కువ ఇసుకతీరం సాయంత్రం వరకు పిల్లలకు సరిపోతుంది.

కార్ఫ్ కోట, స్టడ్‌లాండ్ తీరం, పూల్ హార్బర్‌లోని బ్రౌన్సీ దీవి, ఈ మూడూ చారిత్రక, ప్రకృతి స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ నిర్వహణలో ఉన్నాయి. ఒకే సంవత్సరంలో మూడింటికీ వెళ్లేవారు కుటుంబ సభ్యత్వం ధరను విడివిడి టికెట్లతో, పార్కింగ్ రుసుములతో పోల్చి లెక్క వేసుకోండి. బ్రౌన్సీకి పూల్ క్వే నుంచి పడవలో వెళ్లాలి, పడవ ఛార్జీ సభ్యులకు కూడా వేరుగానే ఉంటుంది. 1907లో బేడెన్ పావెల్ తొలి స్కౌట్ శిబిరాన్ని నడిపింది ఈ దీవిలోనే. ఇంగ్లండ్ దక్షిణాన అరుదైపోయిన ఎర్ర ఉడుతలు ఇక్కడ ఇంకా ఉన్నాయి, కాని అవి గోల చేసే గుంపులకు కనిపించవు.

స్టడ్‌లాండ్ విషయంలో కుటుంబాలకు ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. నోల్ బీచ్ నుంచి ఉత్తరంగా నడుచుకుంటూ పోతే, కొంత భాగం దుస్తులు లేకుండా సూర్యస్నానం చేసేవారికి కేటాయించారు. బోర్డులు స్పష్టంగా ఉంటాయి, మాటల్లో పడి వాటిని దాటిపోకుండా చూసుకుంటే అత్తమామల ముందు ఇబ్బంది ఉండదు.

అయిదో పని: నడుమ భాగంలో ఎవరికి ఏది సరిపోతుందో ఎంచుకోండి

డర్డిల్ డోర్ సున్నపురాతి తోరణం ఫొటోల్లో అందరూ చూసినదే. అక్కడికి కారు పార్క్ నుంచి నిటారుగా దిగి, ఆపై తీరానికి మెట్లు దిగాలి, తిరిగి అంతా ఎక్కాలి. పెద్దలు పై నుంచే చూసి ఆగిపోవడం మేలు. తోరణం మీద నుంచి నీటిలోకి దూకేవారిని చూసి టీనేజ్ పిల్లలు ఉబలాటపడతారు. 2020 మేలో అలా దూకి ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. పక్కనే ఉన్న లల్‌వర్త్ కోవ్ దాదాపు గుండ్రంగా ఉండే చిన్న అఖాతం, పార్కింగ్ నుంచి అక్కడికి నడక సులువు, కాబట్టి మూడు తరాలు కలిసి వెళ్లేటప్పుడు నేను దానికే ఓటు వేస్తాను. అక్కడికి దగ్గరలోని టైనమ్ గ్రామాన్ని 1943 డిసెంబరులో సైన్యం శిక్షణ కోసం ఖాళీ చేయించింది, ఊరివారు మళ్లీ తిరిగి రాలేదు. చాలా వారాంతాల్లో అక్కడికి వెళ్లవచ్చు గాని, కాల్పుల అభ్యాసం జరిగే రోజుల్లో దారి మూసేస్తారు, అందువల్ల ముందురోజే చూసుకోండి.

వుల్ దగ్గర రక్షించి తెచ్చిన చింపాంజీలు, ఒరంగుటాన్లు ఉండే మంకీ వరల్డ్, బోవింగ్టన్‌లో ట్యాంక్ మ్యూజియం ఉన్నాయి. రెండూ పక్కపక్కనే ఉన్నా, ఒకే రోజులో రెండూ పెట్టుకోకండి. చిన్నపిల్లలుంటే మొదటిది, వాన పడితే రెండోది.

వేమత్ నుంచి పోర్ట్‌లాండ్ వైపు వెళ్లేటప్పుడు చెసిల్ బీచ్ దగ్గర ఆగండి. 18 మైళ్ల ఈ గులకరాళ్ల కట్ట మీద రాళ్లు పడమటి కొసన బఠాణీ గింజంత ఉండి, పోర్ట్‌లాండ్ చేరేసరికి పిడికిలంత అవుతాయి. పిల్లలతో రెండు చోట్ల ఆగి పోల్చి చూపించండి, కాని రాళ్లను జేబులో వేసుకోనివ్వకండి, తీసుకుపోవడం నిషేధం. ఇక్కడ ఈతకు దిగకూడదు: ఒడ్డు ఉన్నట్టుండి లోతుగా పడిపోతుంది, వెనక్కి లాగే అల బలమైన ఈతగాళ్లను కూడా నిలవనివ్వదు. ఈత ముచ్చట వేమత్ ఇసుకలో తీర్చుకోండి. పోర్ట్‌లాండ్ కొసన 1906లో వెలిగించిన ఎరుపు తెలుపు లైట్‌హౌస్ 41 మీటర్ల ఎత్తున ఉంటుంది. లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్ రాయి ఈ దీవి గనుల నుంచి వెళ్లినదేనని చెబితే, లండన్ చూసొచ్చిన పెద్దలు ఆసక్తిగా వింటారు.

మే నెల నడుమ నుంచి జూన్ చివరి వరకు వెళ్లేవారు ఆబట్స్‌బరీ స్వానరీని తప్పక పెట్టుకోండి. 1040ల దశకంలో బెనెడిక్టిన్ సన్యాసులు మొదలుపెట్టిన ఈ హంసల తావులో వందలాది హంసలు స్వేచ్ఛగా గూళ్లు కట్టుకుంటాయి, ఆ రోజుల్లో పిల్లలు కాలిబాట పక్కనే గుడ్డు పగులగొట్టుకుని బయటికి వస్తాయి.

ఆరో పని: తిండి, సంచి, సముద్రం

వంటగది ఉన్న బస దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది, కాకపోతే తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవకపోతే స్మోక్ అలారం మోగుతుంది. పగటికి పులిహోర, చపాతీలు, పెరుగన్నం కట్టుకోండి. తీరంలో కూర్చుని తినేటప్పుడు వీపును గోడకు ఆనించి కూర్చోవాలి, సీగల్ పక్షులు వెనుక నుంచి వచ్చి చేతిలోది ఎత్తుకుపోతాయి. చేపలూ చిప్సూ అమ్మే దుకాణాల్లో కొన్ని ఆవు కొవ్వులో వేయిస్తాయి, కాబట్టి శాకాహారులూ గొడ్డు మాంసం తినని వారూ చిప్స్ కొనే ముందు ఏ నూనె వాడుతున్నారో అడగాలి. బార్బెక్యూ పొయ్యిలను అడవిలోకి, పొదల నేలలోకి తీసుకువెళ్లకండి. 2020 మేలో వేర్‌హమ్ అడవిలో రేగిన మంటకు 200 హెక్టార్లకు పైగా కాలిపోయింది.

చీర కట్టుకునే అమ్మలకు గులకరాళ్ల మీద నడవడానికి వెనుక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో ఉండాలి. ఎండ ఉన్నా గాలి చొరబడని జాకెట్ అందరికీ అవసరం. ఆగస్టులో కూడా సముద్రపు నీరు 17, 18 డిగ్రీలే ఉంటుంది, పిల్లలకు వెట్‌సూట్ ఉంటే ఎక్కువసేపు ఆడుకుంటారు. గడ్డి పొదల్లో నడిచిన సాయంత్రం పిల్లల కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూడండి.

లైఫ్‌గార్డులు ఉన్న తీరంలో ఎరుపు పసుపు జెండాల మధ్యనే నీటిలోకి దించాలి. ఎర్రజెండా ఎగిరితే ఎవరూ దిగకూడదు. గాలితో నింపే పడవలు, రబ్బరు చక్రాలు ఇక్కడి గాలికి క్షణాల్లో లోపలికి కొట్టుకుపోతాయి, వాటిని ఇంట్లోనే వదిలేయండి. ఎవరైనా నీటిలో చిక్కుకుంటే మీరు దూకకుండా 999కు ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి.

వాన పట్టి తీరం రోజు పాడైతే కిమ్మరిడ్జ్‌లోని ఎచెస్ కలెక్షన్ అనే శిలాజాల మ్యూజియంకు మారిపోండి. 2022లో ఆ తీరంలోనే కనుగొన్న, దాదాపు రెండు మీటర్ల పొడవున్న ప్లయొసార్ అనే సముద్ర సరీసృపం పుర్రె అక్కడ ఉంది. శీతాకాలంలో వెళ్లేవారికి బ్రౌన్సీ వంటివి చాలావరకు మూసి ఉంటాయి, కాని తుఫాను అలలు కొత్త రాళ్లను బయటపెట్టే ఆ నెలల్లోనే చార్మత్‌లో శిలాజాలు ఎక్కువగా దొరుకుతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి, ఉదయం పూట నీరు తగ్గే తేదీని చూసి ఎంచుకోండి.